తలుపు మీది మూడు భాషల బోర్డు

[తెర మీద: మంచు కురుస్తున్న రేవు పట్టణం. వీధి చివర స్నానశాల, కిటికీల్లోంచి ఆవిరి.]

నమస్కారం. విదేశీయులకు తలుపు మూసే బోర్డుల గురించి ఈ వీడియో. జపాన్ ఉత్తర కొసన హొక్కైదో దీవి, అందులో ఒటారు అనే రేవు పట్టణం. 1990ల్లో ఆ రేవుకు రష్యా ఓడలు విరివిగా వచ్చేవి. ఓడ దిగిన నావికులు ఆ చలిలో ఎక్కడికి వెళ్తారు? వేడినీళ్ల స్నానశాలకు.

అక్కడి స్నానం పద్ధతి తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. తొట్టి అందరికీ ఒక్కటే. ముందు బయట చిన్న పీట మీద కూర్చొని, సబ్బుతో ఒళ్లు తోముకొని, నురగ చుక్క మిగలకుండా కడుక్కోవాలి. ఆ తరవాతే తొట్టిలో దిగాలి, అదీ నానడానికి మాత్రమే. ఊరి మంచినీళ్ల చెరువులో ఎవరైనా బట్టలు ఉతికితే మనకు ఎలా ఉంటుందో, సబ్బు ఒంటితో తొట్టిలో దిగితే వాళ్లకు అలా ఉంటుంది. కొందరు నావికులు తాగి వచ్చారు, నురగతోనే దిగారు, గోల చేశారు. పాత గిరాకీ మొహం చాటేసింది. యునోహానా అనే స్నానశాల తన తలుపు మీద బోర్డు పెట్టింది.

[తెర మీద: జపనీస్, ఇంగ్లీషు, రష్యన్ భాషల్లో బోర్డు. కింద తెలుగులో: ‘జపనీయులకు మాత్రమే’]

యజమాని గోడు అబద్ధమని నేను అనను. బేరం పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అయితే ఆ బోర్డు ఎవరిని ఆపిందో చూడండి.

1999లో కొన్ని కుటుంబాలు అక్కడికి వెళ్లాయి. వారిలో అమెరికాలో పుట్టి జపాన్‌లో పాఠాలు చెప్పుకుంటున్న డెబితో అరుదో ఉన్నారు. భార్య జపనీయురాలు, ఇద్దరు కూతుళ్లు. తండ్రిని రానివ్వలేదు, సరే. పిల్లల సంగతి అడిగితే, ఒక అమ్మాయి జపనీయురాలిలా ఉంది కాబట్టి రావచ్చు, రెండో అమ్మాయి విదేశీయురాలిలా ఉంది కాబట్టి కుదరదు అన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లు! 2000లో అరుదో జపాన్ పౌరసత్వం తీసుకొని మళ్లీ వెళ్లారు. అప్పుడూ అదే జవాబు. మీరు జపనీయులే కావచ్చు, అలా కనిపించడం లేదు కదా, మిగతా గిరాకీ బెదిరిపోతుంది అని.

బోర్డు పెట్టింది సబ్బు నురగ కోసం. తలుపు దగ్గర చూసింది మాత్రం ముక్కూ మొహమూ.

[తెర మీద: న్యాయస్థానం మెట్లు]

అరుదోతో కలిపి ముగ్గురు కోర్టుకు వెళ్లారు. 2002 నవంబరులో సప్పొరో జిల్లా కోర్టు ఒక్కొక్కరికి 10 లక్షల యెన్‌ల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పులో నాకు నచ్చిన విషయం, అది యజమాని కష్టాన్ని కొట్టిపారేయలేదు. గోల చేసేవాడిని బయటికి పంపు, తాగివచ్చినవాడిని ఆపు, పద్ధతి తెలియనివాళ్లకు చెప్పు. విదేశీయులందరినీ ఒక్క గాటన కట్టి గెంటేయడం మాత్రం హద్దు దాటడమే అంది. యజమాని మనసులో ద్వేషం ఉందా, భయం ఉందా అన్న లెక్క అక్కర్లేకపోయింది. జెనోఫోబియా, అంటే పరాయివారంటే భయమూ ఏవగింపూ, ఎక్కడ మొదలవుతుందని అడిగితే నేను చూపించేది ఈ చోటునే. ఆ మనిషి ఏం చేసినా లోపలికి రాలేని షరతు పెట్టినప్పుడు. సబ్బు కడుక్కోవచ్చు. మొహం కడుక్కున్నా మొహమే.

ఇంతకుముందే, 1999లో, జపాన్‌లోనే హమమత్సు అనే నగరంలోని కోర్టు ఇలాంటి తీర్పే ఇచ్చింది. ఒక నగల దుకాణంలో బ్రెజిల్ పాత్రికేయురాలు నగలు చూస్తోంది. ఆమెది ఏ దేశమో తెలిసేసరికి దుకాణదారు వెళ్లిపొమ్మన్నాడు. పరిహారం 15 లక్షల యెన్‌లు. జాతి వివక్ష నిర్మూలన అంతర్జాతీయ ఒప్పందంలో జపాన్ 1995లో చేరింది. కోర్టు దాన్ని ఆధారం చేసుకుంది.

మరి జపాన్‌లో ఇది నేరమా? జాతి వివక్షను నిషేధించే, దేశమంతటికీ వర్తించే చట్టం అక్కడ లేదు. బాధితుడు సొంతంగా దావా వేసుకోవాలి. బస చేసే హోటళ్ల సంగతి వేరు. గది ఖాళీ లేకపోవడం లాంటి, చట్టం ఒప్పుకున్న కారణాలు చూపకుండా అతిథిని కాదనకూడదు. భోజన హోటళ్లకు అలాంటి కట్టడి లేదు. అందుకే ‘మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మాకు ఇంగ్లీషు రాదు’ అనే కాగితాలు అక్కడ కనిపిస్తాయి. కొన్ని నిజంగా చేతకాక పెట్టినవి. కొన్ని సాకులు. ఫోనులో అనువాదం చేసి చూపించినా తల అడ్డంగా ఊపితే అది ఏ రకమో తెలిసిపోతుంది.

[తెర మీద: ‘పచ్చబొట్టు ఉన్నవారికి ప్రవేశం లేదు’]

చిక్కుముడి ఇక్కడుంది. ఈ నియమం అందరికీ ఒక్కటే, ఒంటి నిండా పచ్చబొట్లు పొడిపించుకునే యకుజా నేర ముఠాలను దూరం పెట్టడానికి పుట్టింది. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ, అంటే అక్కడి ఆదివాసీ, మహిళను ఇదే కారణంతో హొక్కైదోలో ఒక స్నానశాల వెనక్కి పంపింది. ఆమె మొహం మీదివి వంశాన్ని చెప్పే గుర్తులు. ఆమె వచ్చింది ఆదివాసుల భాషల సమావేశానికి! దీన్ని ద్వేషమని నేను అనలేను. ఎదుట ఎవరున్నారో చూడటానికి ఇష్టపడని బద్ధకం అంటాను.

మనమేమీ తక్కువ తినలేదు. 2014లో బెంగళూరులో జపనీయులకే పరిమితమైన ఒక హోటల్‌ను నగరపాలక సంస్థ మూయించింది. దుకాణాల్లో, హోటళ్లలో వివక్ష కూడదనే మన రాజ్యాంగం 15వ అధికరణం చెప్పేది ‘పౌరుల’ గురించే. విదేశీయుడికి ఆ వాక్యం అందదు. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో అధికారులకు వివరాలు పంపాలి, ఆ తలనొప్పి ఎందుకని ‘గదులు లేవు’ అనేసే చిన్న లాడ్జీలూ ఉన్నాయి. ఇక ‘శాకాహారులకే’ అని రాసిన టు-లెట్ బోర్డుల గురించి చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి.

[తెర మీద: హిమెజి కోట, టికెట్ కౌంటరు]

చివరగా ధర. 2024లో జపాన్‌లోని హిమెజి నగర మేయరు, విదేశీయుల దగ్గర కోట టికెట్‌కు ఎక్కువ తీసుకుంటే ఎలా ఉంటుందని అన్నారు. పెద్ద చర్చ జరిగింది. చివరికి గీత చోటు మారింది. 2026 మార్చి నుంచి నగరవాసులకు 1,000 యెన్‌లు, బయటివాళ్లకు 2,500. టోక్యో నుంచి వచ్చిన జపనీయుడు 2,500 కట్టాలి. హిమెజిలో కాపురం ఉంటున్న తెలుగువాడు 1,000 కట్టి లోపలికి వెళ్తాడు.

[తెర మీద: గోల్కొండ కౌంటరు బోర్డు. భారతీయులకు రూ.25, విదేశీయులకు రూ.300]

మన గోల్కొండ కౌంటరు అడిగేది మాత్రం, ఏ దేశం అని.