నూనె దాటాలి, నీటిలో తేలాలి

శ్రోతలకు నమస్కారం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ మీదుగా ఎప్పుడైనా వెళ్లారా? మిరప బస్తాలు కంటికి కనబడకముందే ముక్కుకు తెలిసిపోతాయి. ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజుల్లో మా అమ్మ తొడిమలు తీసి తీసి చేతులు మండించుకునేది. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోయేది కాదు. చివరికి గిన్నెలో కాస్త నువ్వుల నూనె తీసుకుని చేతులకు పట్టించి, పాత గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బు పెట్టి కడుక్కునేది. ఆమె రసాయన శాస్త్రం చదవలేదు. నేను నాలుగేళ్లు ఫార్మసీ చదివి నేర్చుకున్న మొదటి పాఠం మాత్రం అదే.

మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. మన శరీరంలో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా నూనె జాతిదే. అందుకే క్యాప్సైసిన్ ఎవరి అనుమతీ లేకుండా నరాల కణాల పొరలోకి దిగిపోతుంది. ఆ పొరలో దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే ఒక ప్రోటీన్ తలుపు ఉంది. క్యాప్సైసిన్ దాన్ని లోపలి వైపు నుంచి పట్టుకుని తెరుస్తుంది. కాలుతోందని మెదడుకు కబురు వెళ్తుంది. నిజానికి ఏదీ కాలడం లేదు! ఈ తలుపును 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. 2021లో వైద్య నోబెల్ పొందిన ఇద్దరిలో ఆయన ఒకరు.

హన్మకొండలో నాకు మందుల దుకాణం ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి చాలామంది మందు పేరు చెప్పరు, అంకె చెబుతారు. "ఐదువందల గోలీ ఇవ్వండి" అంటారు. పట్టీ మీద అచ్చైన ఆ అంకె మీరు మింగే బరువు. మీకు పనిచేసే బరువు వేరు. ఈ రెంటికీ మధ్య జరిగేదే ఈ పూట నేను చెప్పదలచుకున్న విషయం.

కణం చుట్టూ ఉండే ఆ పొరను, అంటే కణత్వచాన్ని, కోట గోడతో పోల్చడం మనవాళ్లకు అలవాటు. ఓరుగల్లులో పుట్టినవాడిని కనుక నాకు కోట గోడలంటే గౌరవమే, కానీ ఈ పోలిక నచ్చదు. రాతిగోడ కదలదు, ఒకసారి కూలితే తిరిగి లేవదు. కణత్వచం చారు మీద తేలే తాలింపు నూనె లాంటిది. పలుచగా ఉంటుంది, ఎప్పుడూ కదులుతుంటుంది, చిన్న చిరుగు పడితే తనంతట తానే కలుసుకుంటుంది. మందం ఏడెనిమిది నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. ఇందులో ఫాస్ఫోలిపిడ్లు అనే అణువులు రెండు వరుసల్లో నిలబడి ఉంటాయి. ఒక్కొక్కదానికి నీటిని ఇష్టపడే తల, నీరంటే గిట్టని రెండు తోకలు. తలలు బయటికి, తోకలు లోపలికి తిప్పుకుని ఉంటాయి.

ఈ రెండు వరుసల సంగతి తేలిన తీరు తమాషాగా ఉంటుంది. 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటి మీద పరిచారు. అది పరుచుకున్న వైశాల్యం ఆ కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. కాబట్టి పొరలో రెండు వరుసలు ఉండాలన్నారు. వాళ్లు కొవ్వును పూర్తిగా తీయలేకపోయారని, కణాల ఉపరితలాన్ని కూడా తక్కువగా లెక్కగట్టారని తరువాత బయటపడింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసుకుని సరైన జవాబు ఇచ్చాయి. పరీక్షల్లో నాకు ఏనాడూ ఈ అదృష్టం పట్టలేదు.

అంతకు పాతికేళ్ల ముందే జ్యూరిచ్‌లో చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ వందల పదార్థాలను కణాల మీద ప్రయోగించి, నూనెలో ఎంత బాగా కరిగితే కణంలోకి అంత త్వరగా వెళ్తుందని చెప్పాడు. ఆయన కొలతకు వాడింది ఆలివ్ నూనె. మన దగ్గర పుట్టి ఉంటే నువ్వుల నూనె వాడేవాడేమో.

అయితే మందులన్నీ జిడ్డుగా తయారు చేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. పేగు పొర దాటగానే మందు పడేది రక్తంలో. రక్తంలో సగానికి పైగా ప్లాస్మా, ఆ ప్లాస్మాలో పదింట తొమ్మిది వంతులు నీరు. మరీ జిడ్డు మందు అందులో కరగదు, మరీ నీటి మందు కణత్వచాన్ని దాటదు. మంచి మందు ఈ రెంటితోనూ కాపురం చేయగలగాలి.

చాలా మందులకు ఈ రెండు వేషాలూ ఉన్నాయి. ఆ విషయం నాకు పంటినొప్పి నేర్పింది. దవడ వాచి, చీము పట్టి, వెంటనే పన్ను పీకేయమని దంతవైద్యుడి దగ్గర గొడవ చేశాను. ఆయన పీకలేదు. యాంటీబయాటిక్ రాసిచ్చి, వాపు తగ్గాక రమ్మన్నాడు. మత్తు కోసం ఇచ్చే లిడోకెయిన్ మామూలు కణజాలంలో నాలుగో వంతు విద్యుదావేశం లేని రూపంలో, అంటే జిడ్డు వేషంలో, ఉంటుంది. నరం పొరను సులువుగా దాటేది ఆ వంతే. చీము పట్టిన చోట ఆమ్లం పెరుగుతుంది, ఆ వంతు పదింట ఒకటికి పడిపోవచ్చు. సూది గుచ్చినా మత్తు సరిగా ఎక్కకపోవడానికి ఇదొక కారణం. తెలిసిన విషయమే అయినా, ఆ రాత్రి ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

నూనెలో కరగని మందులకు వేరే దారి ఉంది. పొరలో అక్కడక్కడా రవాణా ప్రోటీన్లు ఉంటాయి. అవి కణానికి కావలసిన విటమిన్లు, అమైనో ఆమ్లాలు, చక్కెరలను చేయి పట్టుకుని లోపలికి తెస్తాయి. మెథోట్రెక్సేట్ అనే మందు ఫోలిక్ ఆమ్లం పోలికతో వచ్చి ఈ ద్వారపాలకులను ఏమారుస్తుంది. ఫోలిక్ ఆమ్లమే అనుకుని కణం దాన్ని లోపలికి తీసుకుంటుంది, ఆ తరువాత విభజన ఆగిపోతుంది. ఈ కుటుంబానికి చెందిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ మందు వచ్చింది లెడర్లే ప్రయోగశాల నుంచి. అక్కడ ఆ పరిశోధనకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఇప్పుడు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి కూడా ఇస్తారు, వారానికి ఒక్కరోజు మాత్రమే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దుకాణంలో ఆ పట్టీ ఇచ్చిన ప్రతిసారీ వారం పేరు దాని మీద పెన్నుతో రాసి ఇస్తాను, నవ్వేవారు నవ్వినా సరే.

లోపలికి తెచ్చేవారు ఉన్నట్టే, మెడ పట్టి బయటికి నెట్టేవారూ ఉన్నారు. పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు 1976లో బయటపడింది. మెదడు రక్తనాళాల గోడల్లో అది రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. పాత జలుబు మాత్ర క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోకి తేలిగ్గా వెళ్తుంది కనుక నిద్ర ముంచుకొస్తుంది. అదే పనికి వాడే కొత్త మాత్ర ఫెక్సోఫెనడిన్‌ను ఈ పంపు తోసేస్తుంది కనుక మగత దాదాపు ఉండదు. రాత్రిపూట లారీ నడిపేవారు జలుబు మందు అడిగినప్పుడు, వాహనం సంగతి నేనే ముందు అడుగుతాను.

కొన్ని మందులకు కణత్వచమే గురి. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ ఇంజెక్షన్ కోసం ఊళ్లు పట్టి తిరిగినవారు శ్రోతల్లో ఉండవచ్చు. నా ఫోను కూడా ఆ రోజుల్లో ఆగకుండా మోగేది. నా దగ్గర ఆ మందు లేదు. అది ఆంఫోటెరిసిన్. శిలీంధ్రాల పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది, మన పొరల్లో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. ఆంఫోటెరిసిన్ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని శిలీంధ్రం పొరను పాడుచేస్తుంది. కానీ కొలెస్టరాల్‌నూ కొంత పట్టుకుంటుంది, అందుకే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందును లిపోసోమ్ అనే సూక్ష్మమైన కొవ్వు బుడగలో చుట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. కణత్వచం లాంటి పొరనే మందుకు కవచంగా తొడగడం అన్నమాట. అలాంటి బుడగలను 1960లలో బ్రిటన్‌లో అలెక్ బాంగమ్ వర్ణించాడు.

ఇక ప్లాస్మా. పాఠ్యపుస్తకాల్లో కణత్వచాన్ని కూడా ప్లాస్మా పొర అంటారు. రక్తంలోని ప్లాస్మాకు దానితో సంబంధం లేదు. పేర్లు పెట్టినవారు కొంచెం ఆలోచించి ఉంటే విద్యార్థులకు ఇంత తికమక ఉండేది కాదు. రక్తకణాలను వేరు చేస్తే మిగిలే ఎండుగడ్డి రంగు ద్రవం రక్తప్లాస్మా. అందులో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు మూడున్నర నుంచి అయిదు గ్రాములు ఉంటుంది. కాలేయం దాన్ని రోజూ తయారుచేస్తుంది. రక్తంలో చేరిన మందుల్లో చాలావాటిని ఇది పట్టుకుంటుంది.

మళ్లీ మార్కెట్‌కు వెళ్దాం. రైతు మిరప అమ్మినా, లెక్క మొత్తం అప్పటికప్పుడు చేతికి రాకపోవచ్చు. కొంత అడ్తిదారు దగ్గర ఉంటుంది. కొట్లో ఉప్పూపప్పూ కొనగలిగేది చేతిలో ఉన్న నోట్లతోనే. అవి ఖర్చయితే మళ్లీ అడ్తికి వెళ్లి తెచ్చుకుంటాడు. ఆల్బుమిన్ అలాంటి అడ్తిదారు. దాన్ని అంటుకుని ఉన్న మందు పొర దాటదు, రోగాన్ని తాకదు. విడిగా తిరిగే మందే పనిచేస్తుంది. విడి మందు తగ్గినకొద్దీ ఆల్బుమిన్ కొంత వదులుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్‌లో నూటికి తొంభైతొమ్మిది వంతులు అడ్తిలోనే ఉంటాయి, ఒక్క వంతు చేతిలో. పారాసిటమాల్ అలా కాదు, ఎక్కువ భాగం చేతిలోనే ఉంటుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ అసలు అడ్తి గడపే తొక్కదనవచ్చు.

మా చదువు రోజుల్లో దీని మీద ఒక భయపెట్టే లెక్క చెప్పేవారు. వేరే మందు వచ్చి వార్ఫరిన్‌ను ఒక్క వంతు నెట్టేసినా విడి మందు ఒకటి నుంచి రెండవుతుంది, అంటే రెట్టింపు, ఇక రక్తస్రావమే అని. లెక్క తప్పు కాదు, కథ సగమే. విడుదలైన మందును కాలేయం వెంటనే అందుకుని ఖర్చు చేస్తుంది, కొద్దిసేపట్లో విడి మందు మళ్లీ పాత స్థాయికి వస్తుంది. వార్ఫరిన్ వాడేవారికి నొప్పి గోలీ నేను ఇప్పటికీ నా అంతట నేను ఇవ్వను. కారణం వేరు. ఆ గోలీలు కడుపులో పుండ్లు చేస్తాయి, రక్తం గడ్డకట్టే పనిని చెడగొడతాయి.

నెట్టివేత నిజంగా ప్రాణాలు తీసిన సందర్భమూ ఉంది. 1950లలో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇన్ఫెక్షన్ రాకుండా సల్ఫా మందు ఇచ్చారు. అది ఆల్బుమిన్ మీద కూర్చున్న బిలిరుబిన్‌ను, అంటే కామెర్ల పసుపును, నెట్టేసింది. విడిపడిన పసుపు పసికందుల మెదడులోకి దిగింది. 1956లో వెలువడిన అధ్యయనం ఆ మరణాలను బయటపెట్టింది. మంచి చేయబోయిన చేతులే అవి. కామెర్లతో ఉన్న నవజాత శిశువుకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా నేటికీ జాగ్రత్తపడేది ఇందుకే.

కొన్నేళ్ల కిందట పరకాల వైపు పల్లె నుంచి ఒకతను తల్లిని తీసుకుని దుకాణానికి వచ్చాడు. ఆమె చాలాకాలంగా మూర్ఛకు ఫెనిటోయిన్ వాడుతోంది. కాళ్లు వాచి ఉన్నాయి, నడుస్తుంటే తూలుతోంది, చూపు నిలవడం లేదు. చేతిలో రిపోర్టు ఉంది. రక్తంలో ఫెనిటోయిన్ 11. పక్కనే 10 నుంచి 20 వరకు మామూలు అని అచ్చు.

"మందు సరిగ్గానే ఉందని కాగితంలో ఉంది సార్, మరి అవ్వ ఎందుకు తూలుతోంది?" అన్నాడు.

సంచిలో ఉన్న మిగతా కాగితాలు కూడా తీయించాను. ఒకదానిలో ఆల్బుమిన్ 2 గ్రాములు. మామూలు మనిషిలో ఫెనిటోయిన్ తొంభై వంతులు ఆల్బుమిన్‌ను అంటుకుని ఉంటుంది. అవ్వకు అడ్తిదారే సగమయ్యాడు, చేతిలోకి వచ్చేది దాదాపు రెట్టింపైంది. వైద్యులు వాడే సూత్రం ప్రకారం ఆ 11 అంటే 22తో సమానం. రెండు రిపోర్టులూ ఒకే కవరులో పెట్టి, ఆల్బుమిన్ అంకె కింద గీత గీసి, అదే పూట మందు రాసిన డాక్టరు దగ్గరికే పంపించాను. ఆయన చూసి మోతాదు తగ్గించారు.

మూడు వారాల తరువాత అవ్వ కొడుకు తోడు లేకుండా తానే మెట్లెక్కి వచ్చింది. కొంగులోంచి ఫెనిటోయిన్ సీసా తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇప్పుడు తక్కువ వేసుకోమన్నారు కదా బిడ్డా, మిగిలినవి వాపసు తీసుకుని పైసలు ఇయ్యి" అంది. మూత తీసిన సీసా వాపసు తీసుకోకూడదని ఆమెకు నచ్చజెప్పడానికి, ఇంతసేపు మీకు చెప్పిన దానికంటే ఎక్కువ సమయమే పట్టింది.