గోపీచంద్ అంటే ఎవరు? మన పెద్దలను మింగింది సినిమా కాదు, పొడి అక్షరం!

మిత్రులందరికీ విజయవాడ నుంచి నమస్కారం. గోపీచంద్ పేరు మీద గత వీడియోతో మొదలైన వాదన మీకు తెలిసిందే కాబట్టి దాన్ని మొదటి నుంచి చెప్పి మీ సమయం తీసుకోను. రచయిత గోపీచంద్ గురించి నేను మాట్లాడితే, బ్యాడ్మింటన్ గోపీచంద్ బొమ్మ ఎందుకు పెట్టలేదని కొందరు, సినిమా హీరో గోపీచంద్ ఊసే లేదేమని మరికొందరు నిలదీశారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ తర్వాత, ఎవరికి ఎక్కువ పేరు వస్తే ఆ పేరు వాళ్లదేననీ, పాతవాళ్లను జనం మరిచిపోవడం సహజమనీ ఒక తీర్పు ఇచ్చారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను, ఒప్పుకోలేను. మన పెద్దలను సినిమా మింగలేదు, ఆటలు మింగలేదు, కాలం కూడా మింగలేదు. ఇంటి పేరును కోసి ఒక్క పొడి అక్షరంగా మార్చే మన అలవాటే వాళ్లను మింగింది. ఈ వీడియో అంతా ఈ ఒక్క మాట కోసమే.

ముందుగా ఆ గోపీచంద్‌ల సంగతే తేల్చుకుందాం. త్రిపురనేని గోపీచంద్ గుడివాడ దగ్గర అంగలూరులో 1910లో పుట్టారు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడాయన. ఆయన రాసిన 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'కు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక తెలుగు నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి, అయితే దాన్ని అందుకోవడానికి ఆయన లేరు, 1962లోనే కన్నుమూశారు. పుల్లెల గోపీచంద్ ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి, 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడిగా నిలిచారు. దర్శకుడు టి. కృష్ణ కుమారుడు తొట్టెంపూడి గోపీచంద్ తొలి చిత్రం విడుదలైంది కూడా సరిగ్గా ఆ 2001లోనే. దర్శకుడు మలినేని గోపీచంద్ ఉండనే ఉన్నారు. త్రిపురనేని, పుల్లెల, తొట్టెంపూడి, మలినేని అని నోరారా పలికి చూడండి, ఎవరికి ఎవరు అడ్డొచ్చారు? నలుగురికీ నాలుగు చోట్లున్నాయి. ఆ ముందు మాట తీసేసిన మరుక్షణమే నలుగురూ ఒకే కుర్చీ కోసం పోటీపడాల్సి వస్తుంది, ఆ పోటీలో చనిపోయిన రచయిత ఓడిపోక తప్పదు.

ఇప్పుడు మీకొక గొలుసు చూపిస్తాను, దయచేసి చివరిదాకా వినండి, ఎందుకంటే నా వాదనకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. అమృతాంజనం తయారుచేసిన, ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో స్థాపించిన దేశోద్ధారకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది కృష్ణా జిల్లా ఎలకుర్రు. అదే జిల్లా రామాపురంలో పుట్టిన మరో నాగేశ్వరరావు నటసామ్రాట్ అక్కినేని. పంతులు గారి ఇంటి పేరే ఉన్న ఇంకొక మహానుభావుడు రేపల్లెలో 1930లో పుట్టి, గుంటూరులో చదువుకొని, 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ఆయన కాశీనాథుని విశ్వనాథ్. మన తెరల మీద మాత్రం ఆయన జీవితాంతం 'కె. విశ్వనాథ్'. ఆ ఒక్క 'కె' వెనక కాశీనాథుని అనే మాట ఉందని మీలో ఎంతమందికి తెలుసు? తెలిసి ఉంటే, నాగేశ్వరరావు పంతులు పేరు విన్న ప్రతిసారీ శంకరాభరణం దర్శకుడూ, ఆయన పేరు విన్న ప్రతిసారీ పంతులు గారూ మనకు గుర్తొచ్చేవారు. బంధుత్వం ఉందా లేదా అన్నది వేరే విషయం. ఒక పేరు ఇంకొక పేరును బతికించి ఉండేది, అది నా బాధ.

గొలుసు ఇంకా తెగలేదు. ఆ విశ్వనాథ్‌కు పెట్టిన పేరు విశ్వనాథ్ అయితే, కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణకు విశ్వనాథ అనేది ఇంటి పేరు. ఆయనను మనం ఏనాడూ 'వి. సత్యనారాయణ' అనలేదు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చిన ఆయనను 'విశ్వనాథ వారు' అంటాం. అందుకే కౌతరంలో పుట్టిన కైకాల సత్యనారాయణ ఎంత గొప్ప నటుడైనా, దొండపాడులో పుట్టి దక్షిణ భారతమంతా హిందీని ప్రచారం చేసిన మోటూరి సత్యనారాయణ ఎంత పెద్ద రాజ్యాంగ సభ సభ్యుడైనా, విశ్వనాథ సత్యనారాయణతో కలిసిపోలేదు. ముగ్గురిదీ కృష్ణా జిల్లానే, ముగ్గురిదీ ఒకే పేరే, ముగ్గురివీ మూడు వేర్వేరు రంగాలు, అయినా చిన్న తికమక కూడా లేదు. కీర్తి ఎక్కువ తక్కువలే కారణమైతే, తెర మీద కనిపించే కైకాల మిగిలిన ఇద్దరినీ ఎప్పుడో తుడిచేసి ఉండాలి. కవి నిలిచాడంటే, ఇంటి పేరు నిలిచింది కాబట్టే నిలిచాడు.

విశ్వనాథ వారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మాచవరంలోని ఎస్‌.ఆర్‌.ఆర్. కళాశాలలో ఆయన తెలుగు చెబుతున్న రోజుల్లో, 'రాచమల్లుని దౌత్యం' అనే నాటకంలో ఒక విద్యార్థికి నాగమ్మ వేషం ఇచ్చారు. ఆడవేషం కదా, మీసం తీయమన్నారు. ఆ విద్యార్థి తీయనన్నాడు. మీసంతోనే రంగం ఎక్కి, 'మీసాల నాగమ్మ' అనే పేరు తెచ్చుకున్నాడు. ఆ విద్యార్థి నందమూరి తారక రామారావు. విజయవాడలో ఈ కథ తెలియని ఇల్లు ఉండదు, కానీ రామారావులు లక్షల మంది ఉన్న ఈ నేల మీద నందమూరి అన్న మాట లేకపోతే ఈ కథ ఏ రామారావుదో చెప్పడానికి ఒక పేరా రాయాల్సి వచ్చేది.

ఇంటి పేరు అసలే లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మంగళగిరి దాటి గుంటూరు వెళ్లే దారిలో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వరకు వెళితే చాలు. క్రీస్తు శకం 2వ శతాబ్దం ప్రాంతంలో దేనికీ తనదైన స్వతంత్ర ఉనికి లేదనే శూన్యవాదాన్ని బోధించి, మాధ్యమిక దర్శనం అనే బౌద్ధ తత్త్వశాఖకు పునాది వేసిన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు. పాదరసం మీద, లోహాలను బంగారం చేయాలని చూసే రసవాదం మీద గ్రంథాలు రాశాడని చెప్పే సిద్ధ నాగార్జునుడు ఆయనకు కొన్ని శతాబ్దాల తర్వాతివాడని పండితులు భావిస్తారు. వీరిద్దరినీ విడదీసే మాట లేదు. అందువల్ల టిబెట్ సంప్రదాయ కథలు అందరినీ ఒకే మనిషిని చేసి, ఆ మనిషికి 600 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాయి! తత్త్వవేత్త తర్కమూ, రసవాది ప్రయోగాలూ ఒకే ఖాతాలో పడిపోయాయి, ఎవరిది ఏ గ్రంథమో తేల్చడానికి పండితులు ఇప్పటికీ శ్రమపడుతున్నారు. బీహార్‌లో పుట్టిన వైద్యనాథ్ మిశ్ర బౌద్ధం స్వీకరించి అదే పేరు పెట్టుకుని హిందీలో మహాకవి అయ్యారు. మన దగ్గర అక్కినేని వారి అబ్బాయి అదే పేరుతో తెర ఏలుతున్నారు. 1976లో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని పేరు నాగార్జున విశ్వవిద్యాలయం మాత్రమే. 2004లో ముందు 'ఆచార్య' చేర్చారు. ఆ పని చేసినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను, ఎందుకంటే ముందు చేరిన ఆ ఒక్క మాటతో ఆ ద్వారం ఎవరి పేరు మీద నిలబడిందో దారిన పోయే పిల్లవాడికి కూడా తెలుస్తుంది. పేరుకు ముందు ఒక పూర్తి మాట ఉండాలి అని నేను గొంతు చించుకునేది ఇందుకే.

మన ఊళ్లో రోజూ జరిగే ఇంకో అన్యాయం కె.ఎల్. అనే రెండు అక్షరాలది. కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగర్ కోసం శ్రమించి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా పనిచేసి, 1962 నుంచి 1977 వరకు విజయవాడకు పార్లమెంటు సభ్యుడిగా ఉన్న ఇంజనీరు కానూరి లక్ష్మణరావు. వడ్డేశ్వరంలోని విశ్వవిద్యాలయం పేరులో ఉన్నది కోనేరు లక్ష్మయ్య. ఇద్దరూ కె.ఎల్. అయిపోయారు. కె.ఎల్. అనగానే నేటి విద్యార్థికి గుర్తొచ్చేది ఒక్క విశ్వవిద్యాలయమే, పులిచింతల ప్రాజెక్టుకు పేరైన ఇంజనీరు ఆ రెండు అక్షరాల చాటున ఉండిపోయారు. పొడి అక్షరాలతో రాసిన పేరు, వీధి పేరు లేకుండా తలుపు నంబరు మాత్రమే రాసిన ఉత్తరం వంటిది. గుడివాడలో పుట్టిన చదరంగ గ్రాండ్‌మాస్టర్‌ను మాత్రం ఎవరూ 'కె. హంపి' అనరు, కోనేరు హంపి అంటారు, ఆమెను ఇంకెవరితోనూ కలపరు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంటి పేరు పూర్తిగా రాస్తే కులం బయటపడుతుందనీ, అందుకే చాలామంది పొడి అక్షరంతో సరిపెడతారనీ అంటారు. ఆ భయం వెనక ఉన్న అనుభవాలను నేను గౌరవిస్తాను. అయితే మన ఇంటి పేర్లలో చాలా భాగం ఊళ్ల నుంచి వచ్చినవి, ఒకే ఇంటి పేరు అనేక కులాల్లో కనిపిస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు తన పేరు చివర ఉన్న రెడ్డిని తీసేశారు, పుచ్చలపల్లిని తీయలేదు. గన్నవరం ప్రజలు ఆయనను ఆ పేరుతోనే శాసనసభకు పంపారు. వినుకొండలో పుట్టి, కులం చేసిన గాయాలను పద్యాల్లోకి ఎత్తిన గుర్రం జాషువా తన ఇంటి పేరుతోనే తలెత్తుకొని నిలిచారు. కులాన్ని వదులుకోవడానికి ఇంటి పేరును ముక్కలు చేయనక్కరలేదని చూపించడానికి వీరిద్దరూ చాలు.

ఘంటసాల సంగతేమిటని మీరు అడుగుతారని తెలుసు. ఘంటసాల వెంకటేశ్వరరావును జనం ఉత్త ఇంటి పేరుతోనే పిలిచారు, దానితో అక్కినేనిని వెండితెర మీద నిలబెట్టిన దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య వెనకబడిపోయారు. నిజమే. అంటే ఇంటి పేరు ఒక్కటే చాలదు, పెట్టిన పేరు ఒక్కటే చాలదు, రెండూ పూర్తిగా ఉండాలి. ఇది నా వాదనను బలపరుస్తుందే తప్ప బలహీనపరచదు. విజయవాడ సంగీత కళాశాలకు ఘంటసాల వెంకటేశ్వరరావు అని నిండు పేరు పెట్టారు చూశారా, అలా ఉండాలి.

పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, విడదీసి రాయాల్సిందే. శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు ఇరువైపులా ఇంటి పేరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చూసుకుంటాం, తప్పు పడితే అచ్చు వేసినవాడితో గొడవ పెట్టుకుంటాం. మన పెళ్లికి, మన విమాన ప్రయాణానికి చూపించే ఈ శ్రద్ధ మన పెద్దల విగ్రహం కింద ఉన్న రాతిపలక దగ్గర ఎందుకు చూపించం? నగరపాలక సంస్థలను నేను అడిగేది ఇంతే. విజయవాడలోనూ గుంటూరులోనూ కొత్తగా ఏ పలక చెక్కినా, ఏ వీధి బోర్డు మార్చినా ఇంటి పేరు పూర్తిగా రాయండి, కింద ఆయన ఏం చేశారో ఒక్క వాక్యం చెక్కించండి. దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు, నాలుగైదు అక్షరాలు ఎక్కువ చెక్కే ఓపిక చాలు.

వచ్చే వీడియోలో 1964 నుంచి 1990 వరకు భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావు గురించీ, తెలుగు సినిమా పాటకు కొత్త మాధుర్యం తెచ్చిన సాలూరి రాజేశ్వరరావు గురించీ మాట్లాడతాను. మీ వీధికి, మీ బడికి ఎవరి పేరు ఉందో, ఆ పలక మీద ఏమని రాసి ఉందో ఫొటో తీసి పంపండి, పంపేటప్పుడు ఆ పెద్దాయన ఇంటి పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పూర్తిగా రాయండి.