పొడపత్రి నమిలితే షుగరు తగ్గుతుందా?

శ్రోతలకు నమస్కారం. ఈ ప్రసంగం రాసుకోవడానికి ముందు మా పెరటి కంచెకు అల్లుకున్న పొడపత్రి తీగ నుంచి రెండు ఆకులు కోసి, మెత్తగా నమిలి ఉమ్మేసి, చిటికెడు పంచదార నోట్లో వేసుకున్నాను. నాగావళి ఇసుక నోట్లో పడ్డట్టనిపించింది. తీపి జాడే లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లం నాలుక మీద తీపిని గుర్తుపట్టే చోట్లను కాసేపు కప్పేయడమే దీనికి కారణం. ఊటీలో డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ ఆమ్లాన్ని 1887లోనే వేరుచేశాడు.

నోట్లో తీపి చచ్చిపోయింది కాబట్టి ఒంట్లో చక్కెర కూడా తగ్గిపోయిందని మన సిక్కోలు పల్లెల్లో గట్టిగా నమ్మేవారున్నారు. నాలుక సంగతి వేరు, నెత్తురు సంగతి వేరు. రెండోది తేలాలంటే పరీక్షే చేయాలి.

ఆ పరీక్ష సాధారణంగా ఎలుకలతో మొదలవుతుంది. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి, ఎలుక క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసి, ఆ తరువాత ఆకు రసం పట్టి చక్కెర కొలుస్తారు. మనలో ఎక్కువమందికి వచ్చే మధుమేహం అలా వచ్చేది కాదు. ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయక ఏళ్ల తరబడి ముదిరేది. మోతాదు దగ్గర కూడా పొరపాటు పడతాం. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు ఇచ్చారంటే 60 కిలోల మనిషికి 12 గ్రాములని కాదు, శరీర ఉపరితలాన్ని బట్టి కట్టే లెక్కలో సుమారు 2 గ్రాములే.

మనుషుల మీద చేసినవాటిలో వేగిస చెట్టు కథ చెప్పుకోదగ్గది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే తాగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి కొత్తగా మధుమేహం బయటపడిన 97 మందికి ఈ చెట్టు మందు ఇచ్చి, 12 వారాల్లో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది. సంతోషించవలసిన మాటే. అయితే మందు లేని ఉత్తి పొడి ఇచ్చిన మరో జట్టును పక్కన పెట్టి పోల్చలేదు. జబ్బు బయటపడగానే ఎవరైనా అన్నం తగ్గిస్తారు, నడక మొదలుపెడతారు. ఆ మేలు ఎంత, చెక్క చేసిన మేలు ఎంత అన్నది విడదీయలేము.

మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. షుగరుకు మనం రోజూ మింగే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం ఐరోపాలోని గలేగా అనే మొక్కే. దానిలోని పదార్థాలు విషపూరితం కావడంతో వాటి పోలికతో మరో పదార్థాన్ని తయారుచేశారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ దానిని రోగులపై వాడి చూపించేదాకా చాలా కాలమే పట్టింది.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పీడిస్తున్నదో మీకు తెలుసు. ఏ ఆకు, ఎంత, దేనితో కలిపిందో తెలియని పొడి ఆ మూత్రపిండాల మీద మరో బరువు కావచ్చు. షుగరు మాత్రతో పాటు కషాయం కూడా తాగితే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

ఈ ఆషాఢంలో నేరేడు గింజలు ఎండబెట్టి పొడి కొట్టుకునేవారు, మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ పరీక్ష (ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు చెప్పేది) చేయించుకుని, ఆ తేదీని డబ్బా మూత మీద రాసి, ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మూడు నెలలకు మళ్లీ చేయించి, రెండు కాగితాలనూ డబ్బానూ డాక్టరుగారి ముందు పెట్టండి. ఆయన చెప్పేదాకా మాత్రలు ఆపకండి. నమస్కారం.