పడిపోయిన చేతికి పని చెప్పండి

అందరికీ నమస్కారం. చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్ళతో మెదడు గురించి తెలుగులోనే మాట్లాడటం నాకెంతో సంతోషం.

బల్లమీద ఈ స్టీలు గ్లాసు చూడండి. నేను చెయ్యి చాచగానే, ఇంకా తాకకముందే, వేళ్ళు దాని లావుకి తగ్గట్టు విచ్చుకుంటాయి. బరువెంతో కూడా మెదడు ముందే అంచనా వేసుకుంటుంది. నిండుగా ఉందనుకుని ఖాళీ గ్లాసు ఎత్తితే చెయ్యి ఒక్కసారిగా పైకి లేస్తుంది కదా, ఆ అంచనా తప్పిందన్నమాట. మరుసటిసారికి దాన్ని సరిదిద్దడంలో చిన్నమెదడుది పెద్ద పాత్ర.

పక్షవాతం వచ్చిన చాలామందికి ఆ వేళ్ళే విచ్చుకోవు. గ్లాసు కోసం చెయ్యి చాచబోతే భుజం పైకి లేస్తుంది, పిడికిలి ఇంకా బిగుసుకుంటుంది. లోపం కండలో లేదు, మెదడు నుంచి రావాల్సిన ఆజ్ఞలో ఉంది.

1996లో అమెరికా మెదడు శాస్త్రవేత్త రాండాల్ఫ్ నూడో బృందం కోతుల్లో ఒక విషయం గమనించింది. చేతిని కదిలించే మెదడు భాగంలో కొంత దెబ్బతిన్నాక ఊరికే వదిలేస్తే, పక్కనే బాగున్న భాగం కూడా చేతి పనిని వదిలేసుకుంటూ వచ్చింది. ఆ చేత్తోనే తిండి తీసుకునేలా సాధన చేయిస్తే మాత్రం నిలబడింది. కొన్నింటిలో మోచేయి, భుజాల భాగాల్లోకీ విస్తరించింది.

ఇక మన ఇళ్ళ సంగతి. నాన్నగారికి స్ట్రోక్ వస్తే ముద్ద మనమే కలిపి పెడతాం, బొత్తాలు మనమే పెడతాం. అది ప్రేమే, కాదనను. కానీ ఆ చేతికి పనే లేకుండా పోతుంది. మనం పట్టుకుని కదిలిస్తే కీళ్ళు బిగుసుకోకుండా ఉంటాయి, అదీ అవసరమే. మెదడు నేర్చుకోవాలంటే మాత్రం ఆయనే ప్రయత్నించాలి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన పద్ధతిలో బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తో గంటలకొద్దీ పని చేయిస్తారు. అమెరికాలో 222 మందితో చేసి, 2006లో ఫలితాలు వెల్లడించిన పరీక్షలో అది పనిచేసింది. అయితే మణికట్టు, వేళ్ళు కాస్తయినా కదిలేవాళ్ళకే ఇది పనికొస్తుంది. డాక్టర్ని అడగకుండా ఇంట్లో మొదలుపెట్టకండి.

అన్ని గంటల సాధన ఆసుపత్రిలో కుదరదు. అందుకే మన ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి 'ప్లూటో' అనే చిన్న రోబో చేశాయి. ఇంట్లో టేబుల్‌మీద పెట్టుకుని, ఆట ఆడుతూ చేతికి సాధన చేయొచ్చు.

రోబో లేనివాళ్ళు ఈసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు, "ఈ వారం ఆ చేత్తో ఇంట్లో ఏ పని చేయించాలి?" అని అడగండి. తువ్వాలు మడవడమో, డబ్బా మూత తియ్యడమో చెబుతారు. ఎంత ఆలస్యమైనా సరే, పక్కనే కూర్చోండి, మీరు మాత్రం చెయ్యి వెయ్యకండి.