వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద హైదరాబాద్ ఓనర్ ధీమా

నమస్తే అండి. పోయిన నెల మా పిన్ని కొడుకు ఇంగ్లండ్ నుంచి వచ్చాడు. అక్కడ చిన్న ఇల్లొకటి కొని అద్దెకిచ్చాడు వాడు. ఉప్పల్‌లో మా మేడ మీద కూర్చుని చాయ్ తాగుతూ వాడి గోడంతా చెప్పుకున్నాడు. వేర్వేరు కుటుంబాల వాళ్లు కలిసి ఐదుగురో, అంతకంటే ఎక్కువ మందో ఒకే వంటగది, ఒకే బాత్రూమ్ వాడుకుంటూ ఉంటే కౌన్సిల్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలట. గ్యాస్ పొయ్యికి, హీటర్‌కి ఏటా తనిఖీ సర్టిఫికెట్. అడ్వాన్స్ తీసుకున్నాక 30 రోజుల్లోగా దానికి ప్రభుత్వం ఆమోదించిన స్కీములో రక్షణ కల్పించాలి. అంతా చెప్పి, "అన్నా, మీకిక్కడ లైసెన్స్ ఎవరిస్తారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "మాకేం లైసెన్సురా, గేటుకి టూలెట్ బోర్డు కడితే చాలు" అని.

అమ్మ చెప్పింది నిజమే. హైదరాబాద్‌లో సొంత ఇల్లు ఒక కుటుంబానికి అద్దెకివ్వాలంటే ఏ లైసెన్సూ అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఏ ఆఫీసూ పిలిచి అడగదు కాబట్టి మన మీద బాధ్యతే లేదనుకుంటాం. కానీ బాధ్యతలు ఉన్నాయి. ఒకటి రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ఒకటి పోలీస్ స్టేషన్లో, ఒకటి కరెంటాఫీసులో, ఒకటి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల దగ్గర, ఇలా తలో చోట పడి ఉంటాయి. ఏదైనా తేడా వచ్చిన రోజున అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ముందే చెప్పేస్తాను, నేనూ ఓనర్నే. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు. అంతకుముందు అమీర్‌పేటలో తొమ్మిదేళ్లు కిరాయికున్నాను. కాబట్టి ఇవాళ తిట్లు రెండు వైపులా సమానంగా పంచే ప్రయత్నం చేస్తాను. ఓనర్లకు కాస్త ఎక్కువ పడొచ్చు.

అగ్రిమెంట్‌తో మొదలుపెడదాం. జిరాక్స్ షాపుకి వెళ్తాం. వంద రూపాయల స్టాంప్ పేపర్, టైపు చేసి పెట్టిన ఫార్మాట్, పేర్లు మార్చి ప్రింట్ తీస్తాడు. పదకొండు నెలలు. ఎందుకు పదకొండు అంటే ఏడాది లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెప్పే మాట. దేశంలో చాలా రాష్ట్రాల్లో అది సరైనదే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ని సవరించింది. ఏడాది అన్న మాట తీసేసి స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ చేయించాల్సిందే అని రాసింది. తెలంగాణకీ అదే వచ్చింది. అంటే మనం తెలివిగా రాసుకుంటున్న ఆ పదకొండు నెలలు ఇక్కడ చెల్లవు.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసిన విషయం కాదు. మూడేళ్ల కిందట పైపోర్షన్‌లో ఒకాయన ఐదు నెలలు అద్దె కట్టలేదు. ఖాళీ చెయ్యమంటే "వచ్చే నెల సార్" అంటాడు. అగ్రిమెంట్ పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం తిరగేసి, "రిజిస్టర్ చేయించారా?" అన్నాడు. లేదన్నాను. "నోటరీ ఉంది కదా సార్" అని గొప్పగా సీల్ చూపించాను. ఆయన నవ్వలేదు గానీ నవ్వాపుకున్నాడని తెలిసిపోయింది. రిజిస్టర్ కాని లీజు పత్రంలోని షరతులకు కోర్టులో సాక్ష్యంగా బలం ఉండదట. ఆయన మన ఇంట్లో అద్దెకుంటున్నాడు అన్నంతవరకు, అలాంటి పక్క అవసరాలకు చూపించుకోవచ్చు. దానికైనా స్టాంప్ డ్యూటీ తక్కువ కట్టి ఉంటే ఆ తక్కువైన మొత్తం, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాల్సి రావచ్చు. ఏడాదికి పది శాతం పెంపు, రెండు నెలల ముందు చెప్పాలి లాంటివి ఎంతో ముచ్చటగా రాసుకున్నాం. వాటి మీద పట్టుబట్టే దారి మూసుకుపోయింది.

మరి ఖాళీ చేయించడం ఎలా? ఇక్కడ రెండు దారులున్నాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒకటి ఉంది, దానికి రెంట్ కంట్రోలర్ ఉంటారు. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో నగరంలో ఆ ధరకు బైక్ పార్కింగ్ దొరికితే గొప్ప. ఎప్పటినుంచో ఉన్న పాత కిరాయిలు తప్ప మిగతా ఇళ్లన్నీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. నెలవారీ అద్దె అయితే రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. అంతే.

ఈ "అంతే" అన్న చోటే మన ఓనర్లకు ఓపిక చచ్చిపోతుంది. మోటర్ ఆపేస్తారు, ఫ్యూజు పీకేస్తారు, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేస్తారు. నాకూ ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం ఎందుకు. వకీలు గట్టిగా ఆపాడు. కోర్టు ప్రమేయం లేకుండా బలవంతంగా వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా ఆ మనిషి దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ అది. ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ఆ దావాలో చూడరు. లోపలున్న మనిషిని చట్టప్రకారం కాకుండా బయటికి పంపావా లేదా, అదొక్కటే ప్రశ్న.

ఇది అర్థం కాకపోతే ఏమవుతుందో 2017 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో చూశాం. పదేళ్ల పిల్లాడు డెంగ్యూతో పోయాడు. ఆ తల్లి కొడుకు శవంతో అద్దెకున్న ఇంటికొస్తే, ఇంట్లోకి తేవద్దన్నాడు ఓనర్. రాత్రంతా వానలో, రోడ్డు మీద కూర్చుంది. అప్పుడు టీవీల్లో చూసి అందరం అయ్యో అన్నాం. కానీ ఇంట్లో చావు జరిగితే అరిష్టం, ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి అన్న మాట ఇప్పటికీ ప్రతి కాలనీలో వినిపిస్తుంది. కిరాయికొచ్చిన వాళ్లను "మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా, ఆరోగ్యం ఎలా ఉంది" అని ముందే ఆరా తీసే ఓనర్లు నాకు తెలుసు. మీ నమ్మకం మీదే, కాదనను. కానీ అద్దె తీసుకున్నాక ఆ గడప లోపల ప్రశాంతంగా ఉండే హక్కు వాళ్లది. ఆ ఆస్తి బదిలీ చట్టమే ఆ మాట చెబుతోంది. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ అందులోకే వస్తాయి.

అడ్వాన్స్ సంగతి. మన దగ్గర రెండు నెలలో మూడు నెలలో తీసుకుంటారు, బెంగళూరు వాళ్లతో పోలిస్తే మనం దేవుళ్లం. నివాసపు ఇళ్లకు రెండు నెలలు దాటకూడదని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పని చేస్తుంది. అసలు గొడవ ఎంత తీసుకున్నాం అన్నదాని మీద కాదు, తిరిగి ఇచ్చేటప్పుడు వస్తుంది. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత. రెండేళ్లుంటే గోడ రంగు వెలుస్తుంది, మనుషులు బతికితే అలాగే అవుతుంది. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని చట్టంలో ఉంది. మేకులు కొట్టి టైల్స్ పగలగొడితే వేరే సంగతి. నేను అమీర్‌పేటలో ఖాళీ చేసినప్పుడు అప్పటికే పెచ్చులూడిన గోడకు నా దగ్గర డబ్బులు పట్టుకున్నారు. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే ఆ గోడ వైపు చూస్తాను.

ఇక కరెంటు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికంటే మంటగా ఉండేది ఇదే. ఇంటికి ఒకే మీటరు, పోర్షన్లకు సబ్ మీటర్లు, యూనిట్‌కి పది రూపాయలు. ఓనర్ లెక్క ఇదే కదా. మూడు పోర్షన్లు, ఒక్కొక్కరు 150 యూనిట్లు కాల్చారనుకోండి. వేర్వేరు మీటర్లుంటే మొదటి వందకు 3.40 చొప్పున, తర్వాతి యాభైకి 4.80 చొప్పున, ఒక్కో ఇంటికి 580 రూపాయలు. మూడిళ్లకు 1,740. అదే ఒకే మీటరు మీద 450 యూనిట్లు పడితే స్లాబ్ మారిపోతుంది. మొదటి రెండొందలకే 5.10, పైకి వెళ్లేకొద్దీ 7.70, 9, 9.50. లెక్కేస్తే 3,165 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతరత్రా నేను కలపలేదు. ఓనర్ వసూలు చేసేది 4,500. అంటే మీటర్ల ఖర్చు మిగుల్చుకోవడానికి మూడు కుటుంబాల మీద భారం వేసి, పైన మళ్లీ లాభం కూడా. లైసెన్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, లైసెన్స్ లేకుండా కరెంటు వ్యాపారం చేయకూడదని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. ఇల్లు అద్దెకివ్వడానికి అక్కర్లేని లైసెన్స్, కరెంటు అమ్మడానికి కావాలన్నమాట.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. 2024లో గృహజ్యోతి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి కరెంటు బిల్లు సున్నా, కిరాయిదార్లకు కూడా. కానీ మీటరు ఉండాలిగా! మూడు పోర్షన్లకు ఒకే మీటరైతే 200 ఎప్పుడో దాటిపోతుంది. నీళ్లూ అంతే. 2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20 వేల లీటర్లు ఉచితం, దానికి నల్లాకి మీటరు పెట్టించి క్యాన్ నంబర్‌కి (అంటే నల్లా కనెక్షన్ ఖాతా నంబర్‌కి) ఆధార్ కలపాలి. ఆ పని ఓనర్ చెయ్యకపోతే బిల్లు మాత్రం కిరాయిదార్ల నెత్తిన పడుతుంది.

పోలీసుల సంగతి చాలామంది నవ్వులాటగా తీసుకుంటారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చేసినవాళ్లు నగర శివార్లలోనే ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నారు. అప్పటినుంచే ఈ వెరిఫికేషన్ మాట ఎక్కువైంది. ఆధార్ జిరాక్స్ తీసుకుని బీరువాలో పెట్టుకుంటే వెరిఫికేషన్ కాదు. వివరాలు స్టేషన్లో ఇవ్వాలి, పోలీసుల హాక్ ఐ యాప్‌లోనూ పెట్టొచ్చు. కమిషనర్ ఉత్తర్వు ఉన్నప్పుడు పాటించకపోతే భారతీయ న్యాయ సంహిత 223 కింద ఓనర్ మీదే కేసు. టోలిచౌకి వైపు విదేశీ విద్యార్థులకు ఇళ్లిచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు దిగిన 24 గంటల్లోపు ఆన్‌లైన్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలపాలి.

అద్దె ఎవరికిస్తున్నాం అన్నదే కాదు, కింద షెట్టర్‌లో ఏం పెడుతున్నాం అన్నది కూడా చూసుకోవాలి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నాలుగంతస్తుల ఇళ్ల భవనం కింద కెమికల్ డ్రమ్ములు నిల్వ పెట్టారు. అంటుకుంది. పైన కుటుంబాలున్నాయి, ఆ రోజే తొమ్మిది మంది పోయారు. ఇళ్ల కింద గోదాము పెట్టడానికి పక్కింటాయన అద్దె ఇంకో పది వేలు ఎక్కువిస్తానంటే మనలో ఎంతమంది "అందులో ఏం పెడతారు?" అని అడుగుతాం?

లైసెన్స్ నిజంగా కావాల్సిన చోటు హాస్టల్. మాదాపూర్, ఎస్ఆర్ నగర్, గచ్చిబౌలిలో మామూలు ఇంటినే గదికి నాలుగు మంచాలు వేసి పీజీ అంటున్నారు. అది వ్యాపారం. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. "నేను ఇల్లు వాడికిచ్చాను, హాస్టల్ వాడు నడుపుకుంటున్నాడు" అన్న మాట మంటలు లేచిన రోజు ఎవరూ వినరు.

పన్నులు గబగబా చెప్పేస్తాను. అద్దె ఆదాయమే. కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో రిపేర్లకని 30 శాతం మినహాయింపు, మీరు మేకు కూడా కొట్టకపోయినా వస్తుంది. కిరాయిదారు తన జీతంలోని ఇంటి అద్దె అలవెన్స్ (హెచ్‌ఆర్‌ఏ) చూపించుకునేటప్పుడు ఏడాది అద్దె లక్ష దాటితే మీ పాన్ ఇవ్వాలి. ఇవ్వనని మొరాయించే ఓనర్లున్నారు, ఎందుకో అందరికీ తెలుసు. నెల అద్దె 50 వేలు దాటితే కిరాయిదారే రెండు శాతం పట్టుకుని కట్టాలి. ఓనర్ అమెరికాలో ఉంటే ఈ రెండు శాతం లెక్క కాదు, అంతకంటే చాలా ఎక్కువ, అద్దె ఎంతైనా పట్టాలి. అది కట్టాల్సింది తామేనని మన కిరాయిదార్లలో చాలామందికి తెలియదు.

మా పిన్ని కొడుకు వెళ్లిపోయాడు. నా పాత కిరాయిదారు కూడా చివరికి నోటీసు అందాక మాట్లాడుకుని ఖాళీ చేశాడు, మూడు నెలల అద్దె పోయింది. కొత్తగా వచ్చిన వాళ్లతో ఈసారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లాం. "ఇంత చిన్న పోర్షన్‌కి రిజిస్ట్రేషనా సార్?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది, ఖర్చు సగం సగం అన్నాక ఒప్పుకుంది. వెనక పోర్షన్‌కి వేరే మీటరు కోసం దరఖాస్తు కూడా పెట్టాను. వైరింగ్ విడదియ్యాలి, ఎలక్ట్రీషియన్ రేపొస్తానన్నాడు. ఆ రేపు అనడం ఇది మూడోసారి.