నా మిషన్ ఎంత వేడెక్కిందో నాకు తెలియాలి
(హన్మకొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఇంజనీర్స్ డే సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, హెచ్.ఓ.డి. గారికి, కుర్చీలు చాలక వెనకాల నిలబడ్డ పిల్లలందరికీ నమస్కారం. శాలువా కార్యక్రమం చివర్లో పెట్టుకుందామని నేనే అడిగాను. నాకిచ్చింది అరగంట. నేను చెప్పాలనుకున్నది పదేళ్లకు పైగా మనసులో పెట్టుకుని తిరుగుతున్న మాట.

ఆహ్వాన పత్రికలో నా టాపిక్ 'కంప్యూటర్ రంగంలో ఓపెన్ స్టాండర్డ్స్' అని వేశారు. అంటే ఏ కంపెనీ అయినా పాటించేలా అందరి ముందూ పెట్టిన ఉమ్మడి నియమాలు. దానికి వస్తాను. ముందు ఒక రాత్రి గురించి చెప్పనివ్వండి.

2014 మే నెల. తెలంగాణ రావడానికి ఇంకా పది పన్నెండు రోజులే ఉంది, హన్మకొండ చౌరస్తా నిండా జెండాలు. నేనప్పుడు ఒక హాస్పిటల్‌లో సర్వర్ రూమ్ చూసుకునేదాన్ని. రాత్రి రెండు దాటాక వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడం, లోపల మిషిన్లు ఒక్కతీరుగ ఒర్రుతున్నయి. రూమంత ఉడుకుడుకుగున్నది" అన్నాడు. కరెంట్ పోయి వచ్చింది. జనరేటర్ అందుకుంది, యూపీఎస్ అందుకుంది, ఏసీ మాత్రం మళ్లీ స్టార్ట్ కాలేదు. మే నెల వరంగల్ ఎండ మీకు చెప్పక్కర్లేదు. పగలంతా కాలిన గోడలు రాత్రంతా సెగ వదులుతూనే ఉంటాయి. ఆ రూమ్‌కు కిటికీ కూడా లేదు.

లోపల మూడు సర్వర్లు, మూడు కంపెనీలవి. ఎందుకు మూడంటే, ప్రతిసారీ టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాళ్ల దగ్గరే కొన్నాం కాబట్టి. నేను కాజీపేటలో మా ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి సర్వర్‌ను రెండు నిమిషాల్లో పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. రెండోది పాత జావా అడిగింది, నా బ్రౌజర్ ఆ జావాను ఒప్పుకోలేదు. దానితోనే ఇరవై నిమిషాలు పోయాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్ దానిలోనే ఉంది. షట్‌డౌన్ కమాండ్ ఇస్తే ఉలుకూ పలుకూ లేదు. లోపల ఏం జరుగుతుందో చూద్దామని స్క్రీన్ తెరవబోతే ఒక మెసేజ్ వచ్చింది: ఈ సౌకర్యానికి లైసెన్స్ కొనాలి.

మిషన్ మాది. డబ్బు కట్టింది మేము. రూమ్ మాది, కరెంట్ మాది, తాళం నా పర్సులో ఉంది. రాత్రి రెండున్నరకు నా మిషన్ నాతో మాట్లాడటానికి ఎవరో ఒకరి పర్మిషన్ కావాల్సి వచ్చింది.

మా ఆయన బండి తీశాడు. మేం వెళ్లేసరికి మూడో సర్వర్ వేడికి దానంతటదే ఆగిపోయింది. రెండు డిస్కులు పోయాయి. ముందు రోజు బ్యాకప్ ఉంది. ఆ తర్వాత చేసిన పరీక్షల రిపోర్టులన్నీ ల్యాబ్ రిజిస్టర్ ముందు పెట్టుకుని మళ్లీ టైప్ చేశాం, నేనూ ఇద్దరు టెక్నీషియన్లూ. మధ్యాహ్నం దాటినా అవలేదు. పరకాల నుంచి వచ్చిన ఒక తాత, భుజం మీద తువ్వాల, చేతిలో స్టీలు టిఫిన్, కౌంటర్ ముందు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు. "బిడ్డా, నిన్ననే నెత్తురిచ్చిన గదా, మళ్ల ఇయ్యాల్నా?" అని అడిగాడు. ఏసీ సంగతి, జావా సంగతి, లైసెన్స్ సంగతి ఆయనకు ఏమని చెప్పాలి?

ఇక విషయానికి వస్తాను. సర్వర్ బోర్డు మీద ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది, దాన్ని బీఎంసీ అంటాం. సర్వర్ ఆఫ్ చేసినా సరే, ప్లగ్‌లో కరెంట్ ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. ఫ్యాన్ ఎంత స్పీడ్‌లో తిరుగుతోంది, గాలి ఎంత వేడిగా లోపలికి వస్తోంది, ఏ పవర్ సప్లై పోయింది, అన్నీ దానికి తెలుసు. దానితో ఏ భాషలో మాట్లాడాలన్నదే అసలు గొడవ.

1998లో ఇంటెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ, డెల్ కలిసి ఐపీఎంఐ అనే స్టాండర్డ్ తెచ్చాయి, అంటే బీఎంసీతో మాట్లాడటానికి ఒక ఉమ్మడి భాష. బజార్లో ఒకరినొకరు ఓడించాలని చూసే కంపెనీలు ఒక టేబుల్ ముందు కూర్చున్నాయి. అది చిన్న విషయం కాదు, ఆ మేలు నేను మరచిపోను. నా మూడు సర్వర్లలోనూ ఐపీఎంఐ ఉంది. మరి ఒకే స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసుకుని, రూమ్ వేడెక్కితే మూడింటినీ దానంతటదే ఆపేలా ఎందుకు పెట్టుకోలేదని మీరు అడగాలి. అడగండి, అదే అడగాల్సిన ప్రశ్న. లోపలికి వచ్చే గాలి వేడిని ఒకటి 'యాంబియెంట్ టెంప్' అంటుంది. ఇంకొకటి 'ఇన్‌లెట్ టెంప్' అంటుంది. మూడోది బోర్డు నంబర్ చేర్చి మరో పేరు పెట్టింది. భాష ఒకటే, పేర్లు ఎవరివి వాళ్లవి. ఒకదానికి రాసిన స్క్రిప్ట్ ఇంకోదాని మీద నడవదు.

మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. ఆయన పెట్టెలో అంగుళాల స్పానర్లు ఒక వరుస, మిల్లీమీటర్ల స్పానర్లు ఒక వరుస ఉండేవి. చిన్నప్పుడు నేను అవి కలిపేస్తే తిట్టేవాడు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ సైజు బోల్టు తలకు 13 మిల్లీమీటర్ల స్పానర్ పట్టినట్టే ఉంటుంది. కొంచెం వదులు, అంతే. గట్టిగా తిప్పితే మాత్రం బోల్టు మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత సరైన స్పానర్ తెచ్చినా అది తిరగదు. "పట్టకపోతే బాధ లేదు బిడ్డా, పట్టినట్టు ఉంటదే, గదే ముప్పు" అనేవాడు. ఐపీఎంఐ విషయంలో నాకు జరిగింది అచ్చం ఇదే.

అన్నట్టు, ఆ బోల్టుల మరలకు స్టాండర్డ్ పెట్టిన విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీర్ 1841లో ఏం చేశాడో తెలుసా? తన బుర్రలోంచి కొత్త మర ఏదీ పుట్టించలేదు. దేశంలోని వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, వాటి సగటు చూసి, దాన్నే అందరికీ కొలతగా పెడదామన్నాడు. పని చేసేవాళ్ల చేతిలో ఉన్నదాన్ని ముందు చూశాడు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఐపీఎంఐకి ఇంకో జబ్బు కూడా ఉంది. 2013లో డాన్ ఫార్మర్ అనే సెక్యూరిటీ నిపుణుడు బయటపెట్టాడు. లాగిన్ అయ్యే ముందే, అడిగినవాడికి పాస్‌వర్డ్ హ్యాష్‌ను, అంటే పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టకుండా మార్చిన రూపాన్ని, పంపించేలా ఆ స్టాండర్డ్‌లోనే రాసి ఉంది. రూల్ ప్రకారం నడుచుకున్న ప్రతి కంపెనీ సర్వర్‌లోనూ ఆ లోపం ఉన్నట్టే. స్టాండర్డ్‌లో తప్పుంటే అది అందరి ఇంట్లోకీ ఒకేసారి వస్తుంది. అందుకే స్టాండర్డ్ రాస్తున్నప్పుడే నలుగురూ చదవాలంటాను.

ఆ రాత్రి తర్వాత ఏడాదికి, 2015 ఆగస్టులో, కంప్యూటర్ల నిర్వహణకు స్టాండర్డ్స్ రాసే డీఎంటీఎఫ్ అనే సంస్థ రెడ్‌ఫిష్ అనే స్టాండర్డ్ తెచ్చింది. అదీ బీఎంసీతో మాట్లాడే భాషే. డీఎంటీఎఫ్ 1992లో పుట్టింది, దానిలో సభ్యులు ఎక్కువగా కంపెనీలే. అంతకు ముందు వాళ్లు చేసిన సీఐఎం లాంటి స్టాండర్డ్స్ చాలా పెద్దవి, నాలాంటి వాళ్లం తెరిచి చూసి మూసేసేవాళ్లం. రెడ్‌ఫిష్ అలా కాదు. మీరు రోజూ వెబ్‌సైట్లు చూసే హెచ్‌టీటీపీఎస్, ఫస్ట్ ఇయర్ పిల్లలు కూడా చదవగలిగే జేసన్ అనే రాత పద్ధతి, వీటి మీదే నడుస్తుంది. బీఎంసీ అడ్రస్ వెనకాల 'రెడ్‌ఫిష్, వీ1' అని కొడితే సర్వర్ తన గురించి చెప్పడం మొదలుపెడుతుంది.

నేను మొదటిసారి చూసినప్పుడు వెతికింది ఒక్కటే, టెంపరేచర్. సెన్సర్‌కు కంపెనీ ఏ పేరైనా పెట్టుకోనీ, పక్కన 'ఫిజికల్ కాంటెక్స్ట్' అని ఇంకో గడి ఉంది. దానిలో సొంత పేర్లు రాయకూడదు, స్టాండర్డ్ ఇచ్చిన లిస్టులోని మాటే రాయాలి. లోపలికి వచ్చే గాలి అయితే 'ఇన్‌టేక్'. కింద 'రీడింగ్ సెల్సియస్', దాని ఎదురుగా అంకె. ఆ గడి చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడో ఒక మీటింగ్‌లో ఎవరో ఒకరు 'పేరు వాళ్లిష్టం, కానీ ఇది ఏ చోటి వేడో అందరూ ఒకే మాటలో చెప్పాలి' అని పట్టుబట్టి ఉంటారు. వాళ్లెవరో నాకు తెలియదు.

రెడ్‌ఫిష్ వచ్చిందని లైసెన్సులు పోలేదు, ఆ మాట దాచను. దానిలో 'ఓఈఎం' అని ఒక అర ఉంటుంది. కంపెనీలు తమ సొంత సరుకు పెట్టుకోవడానికి ఇచ్చిన చోటు. ఆ అర ఇవ్వకపోతే కంపెనీలు టేబుల్ దగ్గరికే రావు, అది నాకు అర్థమవుతుంది. కానీ అవసరమైనవన్నీ మెల్లగా ఆ అరలోకి జరిగితే మళ్లీ మనం 2014లోకే వెళ్తాం. కాబట్టి ఆ అర మీద ఒక కన్నేసి ఉంచాలి. ఎవరు ఉంచాలి? కంపెనీలు ఉంచవు.

ఈ స్టాండర్డ్స్ ఎలా తయారవుతాయో ఇప్పుడు చెప్తే మీకు ఎక్కుతుంది. కంపెనీల ఇంజనీర్లు వర్కింగ్ గ్రూపుగా కూర్చుని డ్రాఫ్ట్ రాస్తారు. అది పూర్తి కాకముందే 'వర్క్ ఇన్ ప్రోగ్రెస్' అని బయట పెట్టే పద్ధతి ఉంది, అభిప్రాయాలు చెప్పమంటారు. సభ్యులు కాని వాళ్లు కూడా పంపొచ్చు. తర్వాత ఓటింగ్, ఆ తర్వాతే స్టాండర్డ్. రెడ్‌ఫిష్ 2018లో అంతర్జాతీయ ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది. ఇంటర్నెట్ రూల్స్ రాసే ఐఈటీఎఫ్‌ది ఇంకో దారి. అక్కడ సభ్యత్వమే లేదు, ఓటింగూ లేదు. హాల్లో ఉన్నవాళ్లను ముందు ఒప్పుకునేవాళ్లు 'హుమ్' అనండి, తర్వాత ఒప్పుకోని వాళ్లు 'హుమ్' అనండి అని అడిగి, ఆ చప్పుడును బట్టి సభ మొగ్గు ఎటుందో చూస్తారు. నవ్వకండి, మీరూ నేనూ వాడే ఇంటర్నెట్ అలా కూర్చుని మాట్లాడుకున్న మాటల మీదే నడుస్తోంది. ఒకరిద్దరు ఒప్పుకోకపోయినా వాళ్ల అభ్యంతరం ఏమిటో విని, జవాబిచ్చి ముందుకు పోవాలన్నది అక్కడి నియమం.

ఇప్పుడు విట్‌వర్త్ దగ్గరికి వస్తాను. ఆయన వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించుకున్నాడు. మన వర్క్‌షాప్ బోల్టు ఆ టేబుల్ మీద ఉందా? కరెంట్ పోయి వచ్చాక ఏసీ స్టార్ట్ కాని రూమ్, 45 డిగ్రీల ఎండ, తక్కువ కోట్‌కు కొన్న మూడు కంపెనీల మిషన్లు, ఒక్కతే అడ్మిన్. ఇది ఆ డ్రాఫ్ట్ రాసేవాళ్లకు ఎవరు చెప్పాలి? మనం పంపకపోతే వాళ్లకు తెలియదు. తెలియకపోతే వాళ్ల తప్పు ఎలా అవుతుంది?

ప్రిన్సిపాల్ గారూ, ఇది ప్రసంగంలో రాసుకున్నది కాదు, మిమ్మల్ని చూస్తే అనిపించింది, అడుగుతున్నాను. మీ కాలేజీ ఈసారి సర్వర్లు కొనేటప్పుడు టెండర్‌లో రెండు లైన్లు రాయించండి. రెడ్‌ఫిష్ ఉండాలి. టెంపరేచర్, షట్‌డౌన్, అలర్ట్ ఈ మూడూ ఏ లైసెన్సూ లేకుండా దాని ద్వారా రావాలి. ఇంతే. కేంద్ర ప్రభుత్వం ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ వాడాలని 2010లోనే పాలసీ ఇచ్చింది, కాబట్టి కొత్తగా అడుగుతున్నది కాదు. మా హాస్పిటల్ పర్చేజ్ కమిటీలో ఆ రెండు లైన్లు పెట్టించడానికి నాకు మూడేళ్లు పట్టింది. 'ధర పెరుగుతుందేమో మేడం' అని ప్రతి మీటింగ్‌లో అన్నారు. పరకాల తాత సంగతి చెప్పిన రోజు సంతకం పెట్టారు.

పిల్లలూ, మిమ్మల్ని వేల రూపాయల సర్వర్ కొనమనడం లేదు. డీఎంటీఎఫ్ వాళ్లే ఒక మాకప్ సర్వర్ ఉచితంగా ఇచ్చారు, చిన్న పైథాన్ ప్రోగ్రామ్. మీ ల్యాప్‌టాప్ నిజమైన సర్వర్ లాగా జవాబులిస్తుంది. వచ్చే శనివారం పదింటికి మీ సెకండ్ ఫ్లోర్ ల్యాబ్‌లో కూర్చుందామని హెచ్.ఓ.డి. గారు ఒప్పుకున్నారు. పైథాన్ ముందే ఎక్కించుకుని రండి. ఆ మాకప్‌లో 'ఛాసిస్' అనే భాగం తెరిచి, దానిలో 'థర్మల్' తెరిచి, 'ఇన్‌టేక్' ఎక్కడుందో కనిపెట్టండి. అది 35 దాటితే షట్‌డౌన్ పంపే స్క్రిప్ట్ మధ్యాహ్నం లోపు రాసేద్దాం. రాస్తున్నప్పుడు ఏ గడి అర్థం కాలేదో, ఏ గడి లేక మీ పని ఆగిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితాలన్నీ కలిపి సాయంత్రం డీఎంటీఎఫ్ వాళ్లకు మన కాలేజీ పేరుతో పంపుదాం.