మా వీధి కాలువకు డబ్బెవరిచ్చారు?

అధ్యక్షుల వారికి, పెద్దలకు, ఎండలో ఇన్ని మెట్లెక్కి వచ్చిన మీ అందరికీ నమస్కారం. వార్డు సమస్యలన్నిటి మీదా మాట్లాడమన్నారు. నేను మా వీధి కాలువ గురించే చెబుతాను.

కాలువ కట్టగానే వీధి మొదట్లో నల్లరాతి శిలాఫలకం పెట్టారు. దాని మీద ఏడుగురి పేర్లున్నాయి. ఎంత ఖర్చయింది, ఏ పద్దులోంచి తీశారు, ఎవరు మంజూరు చేశారు, ఆ ముక్కలు మాత్రం లేవు. వారం తిరక్కుండా మా పక్కింటి వదిన బిందెడు నీళ్లు తెచ్చి కాలువలో పోసింది. గెడ్డ, అంటే పెద్ద వాగు, వైపు పోవాల్సిన నీళ్లు రెండు గజాలు పోయి ఆగి, మెల్లగా మా గుమ్మం దగ్గరికే తిరిగొచ్చాయి. వాటం తప్పు! వీధంతా నిలబడి చూశాం.

అడగడానికి ఒక ఆఫీసుకెళ్లాను. "డబ్బు మాది కాదండీ, పని మాత్రమే చూశాం" అన్నారు. డబ్బిచ్చినవాళ్ల దగ్గరికెళ్తే "పని మాది కాదు" అన్నారు.

మా అమ్మ ఉంటే ఊరుకునేది కాదు. 1988లో బ్రిటిష్ సాయంతో విశాఖ మురికివాడల అభివృద్ధి పథకం వచ్చినప్పుడు ఆవిడ బస్తీ కమిటీలో ఉండేది. చాప పరిచి, సందులు సుద్దముక్కతో నేల మీద గీసి, కాలువ ఎటు పోవాలో ఆడవాళ్లే చెప్పేవారు. పరాయి దేశం డబ్బే, అయినా మాట మనది. ఆ డబ్బు ఆగాక కమిటీ కూడా పోయింది. అది నాకిప్పటికీ బాధే.

ఆఁ, డబ్బు సంగతి. వీధి పనులకు అది ఒక్క చోటి నుంచే రాదు. ఇంటి పన్ను మనం కట్టేది. ఆర్థిక సంఘం గ్రాంటు ఢిల్లీ నుంచి వస్తుంది, అందులో కొంత ఫలానా దానికే వాడాలని ముందే రాసుంటుంది. ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు, ఆయన సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. 2016 జనవరిలో కేంద్రం స్మార్ట్ సిటీల పథకానికి ఎంచిన మొదటి 20 పేర్లలో మన విశాఖ ఉంది. కేంద్రం ఇచ్చినదానికి సమానంగా రాష్ట్రం, నగరపాలక సంస్థ కలిపి వెయ్యాల్సి ఉండేది. ఆ పనులు నడిపింది మాత్రం ప్రత్యేకంగా పెట్టిన కంపెనీ.

ఆ రోజుల్లో మన తరఫున అడగడానికి ఎవరున్నారు? ఒక్క కార్పొరేటరైనా ఉన్నారా? చెప్పండమ్మా! 2012లో పాలకవర్గం గడువు తీరింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగంలో 243యు అధికరణం చెబుతోంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లో వార్డు కమిటీలుండాలని 243ఎస్ చెబుతోంది. నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల జాబితా రాజ్యాంగం 12వ షెడ్యూలులో ఉంది, అందులోని 18 అంశాల్లో మురికివాడల అభివృద్ధి ఒకటి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి.

ఎవరూ ఎత్తలేదు. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకి రండి, ఇది మీ కోసమే. శిలాఫలకం మీద పేర్లు ఎన్నైనా రాసుకోనివ్వండి. వాటి కింద మొత్తం, పద్దు, మంజూరు చేసినవారి హోదా రాయాలని ఈ రోజే అర్జీ పెడదాం. కాగితం ఆ బల్ల మీదుంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి.

బుధవారం పొద్దున్న కింది వీధిలో కొత్త కాలువకి కొలతలు తీయడానికి వస్తున్నారట. మనమూ వెళ్దాం. ఇంటికో బిందెడు నీళ్లు తెచ్చుకోండి.